సీసపెంకు పూస కావాలంటే

వేములవాడ రాజన్న గుడి ముందర, కొండగట్టు అంజన్న దారిలో, ధర్మపురి గోదావరి గట్టున ఎన్ని గాజుల దుకాణాలు! జాతరకు పోయి పూసల దండో, డజను గాజులో కొనకుండా ఇల్లు చేరే ఆడమనిషి జగిత్యాల, సిరిసిల్ల జిల్లాల్లో అరుదు. అవే ఊళ్ల చివర, పెళ్లి మంటపాల వెనక, చెరువు కట్టల మీద సీసపెంకులు కుప్పలుగా పడి ఉంటాయి. రెండూ గాజే, ఇసుక, సోడా, సున్నం కరిగి పుట్టినవే. ఒకటి వందల మైళ్ల నుంచి వచ్చి డబ్బుకు అమ్ముడవుతోంది, ఇంకొకటి పశువుల గిట్టల్లో, పిల్లల కాళ్లలో గుచ్చుకుంటోంది. ఈ రెండో గాజును మొదటి గాజుగా మార్చే చేతిపని జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్లలలో నిలదొక్కుకోగలదా అన్నది ఈ వ్యాసం ప్రశ్న. వీటిలో ఏదీ ఇప్పటికి గాజు నగల తయారీకి పేరుపడ్డ ఊరు కాదు. అందుకని వేరే చోట్ల ఏం జరిగిందో, ఇక్కడ ఏముందో రెండూ పక్కపక్కన పెట్టి చూడాలి.

ముందు ఒక భ్రమ తీసేయాలి. సీసాలతో నగలు చేస్తే చెత్త తగ్గుతుందని ఈ పని గురించి ఎవరు మాట్లాడినా మొదట చెప్తారు. లెక్క వేస్తే అది నిలవదు. ఒక సెంటీమీటరు మందం గుండ్రని గాజు పూస బరువు గ్రామున్నర కూడా ఉండదు. యాభై పూసల దండకు అరవై, డెబ్బై గ్రాముల గాజు చాలు. ఒక బీరు సీసా బరువు సుమారు అరకిలో, అంటే ఒక్క సీసాలోంచి ఏడు దండలు వస్తాయి. వంద మంది ఆడవాళ్లు రోజుకో దండ చొప్పున చేసినా రోజు మొత్తానికి పదమూడు, పద్నాలుగు సీసాలు ఖర్చవుతాయి. ఒక్క పెళ్లి విందు అంతకు ఎన్నో రెట్లు పారేస్తుంది. కాబట్టి చెత్త సమస్యకు ఇది మందు కాదు. దీని విలువంతా చేతిలో ఉంది: రూపాయికి కూడా కొరగాని ముడిసరుకు మీద మనిషి ఎన్ని గంటల పనితనం పెట్టి, దానికి ఎంత ధర రాబట్టగలదన్నదే విషయం. చెత్త పేరు చెప్పి మొదలుపెట్టిన శిక్షణలు ఫొటోలతో ఆగిపోవడానికి ఈ తేడా గుర్తించకపోవడమే కారణమని నా నమ్మకం.

సీసాల్లో కూడా అన్నీ చెత్త కాదు. పగలని బీరు సీసాను కడిగి మళ్లీ నింపడం మన దేశంలో మామూలు పద్ధతి. పాత సామాన్ల దుకాణం దానికి డబ్బిస్తుంది. అలా తిరిగే సీసాను పూసల కోసం పగలగొట్టడం దండగ. పగిలిన గాజుకూ పెద్ద దారి ఉంది. సనత్‌నగర్‌, భువనగిరి లాంటి చోట్ల సీసాల కర్మాగారాలు పెంకులను కొత్త గాజుతో కలిపి కరిగిస్తాయి. పది శాతం పెంకులు కలిపితే కొలిమి ఇంధనం రెండున్నర, మూడు శాతం తగ్గుతుంది. కానీ జగిత్యాల నుంచి హైదరాబాదు దాకా పెంకుల మూటలు మోయడానికి లారీ కిరాయి గిట్టదు. తిరిగి నింపడానికి పనికిరాని క్వార్టర్ సీసాలు, మూతి విరిగినవి, మందుల సీసాలు, పగిలిన కిటికీ అద్దాలు, ఇవీ ఊళ్లో మిగిలిపోయేవి. చేతిపనికి కావలసిన ముడిసరుకు ఇదే.

ఈ నేలకు పూస కొత్తది కాదు. జగిత్యాల జిల్లా వెల్గటూరు మండలంలోని కోటిలింగాల శాతవాహనుల తొలి ఊళ్లలో ఒకటి. చిముక శాతవాహనుడి నాణేలు దొరికింది అక్కడే. పెద్దపల్లి దగ్గరి పెద్దబంకూరులో 1968 నుంచి 1974 దాకా జరిగిన తవ్వకాల్లో ఇటుక కోటలు, కమ్మరి కొలుములు, వేల శాతవాహన నాణేలు బయటపడ్డాయి. సంగారెడ్డి దగ్గరి కొండాపూర్‌లో 1940లలో దొరికిన పూసలు ఎన్నంటే, వాటి మీదే మోరేశ్వర్ దీక్షిత్ ఒక పుస్తకం రాశాడు. హైదరాబాదు పురావస్తు శాఖ దాన్ని 1952లో అచ్చువేసింది. ఆ పూసల్లో రాతివీ ఉన్నాయి, గాజువీ ఉన్నాయి. తర్వాతి కాలంలో కోరుట్ల, మెట్‌పల్లికి దగ్గర్లోనే ఉన్న కోనసముద్రంలో మూసల్లో ఉక్కు కరిగించారు. పర్షియా వర్తకులు వచ్చి కొనుక్కుపోయిన ఉక్కు అది. మట్టి మూస, బొగ్గు మంట, తిత్తి గాలి, వేడిని కంటితోనే అంచనా వేసే చూపు ఈ ప్రాంతానికి శతాబ్దాలుగా తెలుసు. గాజుకు ఉక్కుకన్నా చాలా తక్కువ వేడి సరిపోతుంది.

అయితే తెలుగునాట గాజు పూస బతికిన చోటు వేరు, తిరుపతి దగ్గరి పాపానాయుడుపేట. ఏర్పేడు మండలంలోని ఈ ఊరి పనివాళ్లు చేసే పద్ధతి రెండు వేల ఏళ్ల కిందట పుదుచ్చేరి పక్క అరికమేడులో జరిగిన పద్ధతేనని పీటర్ ఫ్రాన్సిస్ అనే అమెరికా పరిశోధకుడు గుర్తించాడు. ఆఫ్రికా తీరం నుంచి కొరియా దాకా తవ్వకాల్లో దొరికే చిన్న చిన్న గాజు పూసలకు ఇండో-పసిఫిక్ పూసలని పేరు పెట్టింది ఆయనే. అలోక్ కుమార్ కనుంగో ఆ పనిని మరింత లోతుగా చూసి రాశాడు. పని ఇలా సాగుతుంది. కరిగిన గాజును లాడా అనే బోలు ఇనప గొట్టం కొసకు పెద్ద ముద్దగా చుడతారు. ముద్ద నడుమ నుంచి కడ్డీ దూర్చి బొక్క చేస్తారు. ముద్దను కొలిమిలో పెట్టి తిప్పుతూ ఉంటే, ఎదురుగా కూర్చున్న మేస్త్రీ కొక్కెంతో కొస పట్టుకుని లాగుతాడు. సన్నని బోలు గొట్టం గంటల తరబడి వస్తూనే ఉంటుంది. దాన్ని మూరెడు, బారెడు ముక్కలు చేసి, నిలువు కత్తి మీద చిన్న పూసలుగా తెంపుతారు. బొక్కలు మూసుకుపోకుండా బూడిద నింపి, పెనం మీద వేడిచేస్తూ కలిపితే పదును అంచులు గుండ్రమవుతాయి. జల్లెడ పట్టి, సైజులవారీగా దండ గుచ్చుతారు.

ఇంత ఓర్పున్న పని చూస్తే గర్వం కలుగుతుంది. అయినా జగిత్యాలకు ఇది నమూనా కాదని చెప్పాలి. ఆ కొలిమి ఒకసారి వెలిగితే ఆపకుండా మండాలి. పనివాళ్లు ముఠాగా ఉండాలి, ఒక్కరు తప్పినా పని ఆగుతుంది. గాజు లాగే చెయ్యి తయారు కావడానికి ఏళ్లు పడుతుంది. వంశం వెంట వచ్చిన ఆ విద్యను మూడు నెలల శిక్షణలో పోసి ఇవ్వలేం. ఫిరోజాబాద్ దారి అసలే వద్దు. మన గాజుల దుకాణాలకు సరుకు పంపే ఆ ఊరు పగిలిన గాజులను, పెంకులను మళ్లీ కరిగించి వాడుకోవడంలో దేశానికే పెద్ద ఉదాహరణ. కానీ దాని చరిత్రలో పిల్లల చాకిరీ ఉంది, పొగ ఉంది. తాజ్‌మహల్‌ను కాపాడడానికి 1996లో సుప్రీంకోర్టు బొగ్గు కొలుములు ఆపించి గ్యాసుకు మార్చమంది. అది పెద్ద పెట్టుబడుల రంగం. దాంతో ధరలో పోటీపడి గెలవడం ఏ చిన్న పట్టణానికీ సాధ్యం కాదు.

మిగిలిన దారులు మూడు. మొదటిది చల్లని పని. సీసాను కోసి, ముక్కలను నీళ్లలో రాపిడి పొడితో కలిపి డ్రమ్ములో రోజుల తరబడి తిప్పితే అంచులు నునుపై, గాజు మసకబారుతుంది. సముద్రం అరగదీసిన గులకరాయి తీరు వస్తుంది. వజ్రపు మొన ఉన్న బరమాతో నీళ్ల కింద బొక్క వేసి తీగ చుడతారు. నగరాల్లో అభిరుచిగా ఈ పని చేసేవాళ్లలో ఎక్కువమంది ఇలాగే మొదలుపెడతారు. పెట్టుబడి తక్కువ, నేర్వడం తేలిక. ఎవరైనా చేయగలిగిన పనికి ఎక్కువ ధర రాదు, అదే దీని లోపం. రెండోది దీపం మంట మీద గాజు కడ్డీని కరిగించి ఇనప ఊచకు చుట్టే పూస. అందమైన పని. దానికి ఒకే రకం గాజు కడ్డీలు కావాలి, సీసపెంకుతో కుదరడం కష్టం. మంట వేడి తగలగానే పెంకు చిట్లి కంట్లో పడే ప్రమాదం కూడా ఉంది.

మూడోది పొడి గాజు పూస. నా ఓటు దీనికే. దీన్ని చూడాలంటే పడమటి ఆఫ్రికాకు పోవాలి. ఘనా దేశంలో క్రోబో ప్రజలు సీసాలను రోట్లో దంచి, జల్లించి, రంగులవారీగా వేరు చేస్తారు. మట్టితో అచ్చులు చేసి, అంటుకోకుండా లోపల తెల్లమట్టి పూస్తారు. గుంటల్లో గాజు పొడి నింపి, నడుమ కర్రపెండలం ఆకు కాడ గుచ్చుతారు. మట్టి కొలిమిలో పెడితే పొడి కరిగి అతుక్కుంటుంది, కాడ కాలిపోయి దాని చోట బొక్క మిగులుతుంది. చల్లారిన పూసను రాతి మీద ఇసుక, నీళ్లు వేసి రుద్దుతారు. అక్కడ ఈ పూసలు సందర్శకులకు అమ్మే వస్తువులు మాత్రమే కాదు. ఆడపిల్ల పెద్దమనిషయ్యే వేడుకలో ఒంటి నిండా అవే. కొనేవాళ్లు ఇంటి మనుషులు కాబట్టే ఆ పని అంతకాలం నిలిచింది.

ఇందులో ఏ పనిముట్టు మనకు కొత్త? రోలు, జల్లెడ, మట్టి అచ్చు, బట్టీ అన్నీ తెలిసినవే. పతంగుల మాంజాకు సీసపొడి నూరడం మన పిల్లలకు కూడా వచ్చు. కుండలు కాల్చే కుమ్మరి వేడి అంచనాలో నేర్పరి. సీసా గాజు సుమారు ఏడువందల డిగ్రీల దగ్గర మెత్తబడి, ఎనిమిదివందలు దాటితే పొడి ఒకదానికొకటి పట్టుకుంటుంది. మంచి కుండల బట్టీ ఆ వేడికి అటూఇటూగా చేరుతుంది. కొంచెం మార్చిన బట్టీ గానీ, చిన్న కరెంటు కొలిమి గానీ సరిపోతుంది. బియ్యం, పప్పు జల్లించే చేతులకు గాజు పొడి జల్లించడం రాకపోదు. కర్రపెండలం మన దగ్గర అంతగా పండదు కాబట్టి చీపురు పుల్ల, ఆముదపాకు కాడ లాంటివి పరీక్షించి చూడాలి.

సాంకేతికంగా తడబడేది రెండు చోట్ల. ఒకటి, వేర్వేరు గాజులు కలపడం. ప్రతి గాజూ వేడికి ఒక కొలతలో వ్యాకోచిస్తుంది, చల్లారితే అదే కొలతలో ముడుచుకుంటుంది. పచ్చ సీసా పొడి, కిటికీ అద్దం పొడి ఒకే పూసలో కలిస్తే రెండూ వేర్వేరుగా ముడుచుకుని, పూస ఆ రోజే కాకపోతే నెల తర్వాత పగులుతుంది. వంటింటి వేడి తట్టుకునే గాజు గిన్నెల ముక్కలు అసలు కలవవు, వాటి గుణమే వేరు. కాబట్టి ఒక పూసకు ఒకే రకం సీసా అన్న నియమం తప్పకూడదు. ఈ నియమంలోనే అందం కూడా ఉంది. ఇనుము వల్ల వచ్చే లేత ఆకుపచ్చ, ఇనుము, గంధకం కలిసి ఇచ్చే తేనెరంగు, తెల్ల సీసాలో కనీకనపడని నీలం, ఇవి ఏ రంగూ కలపకుండా దొరికేవి.

రెండోది చల్లార్చడం. కొలిమిలోంచి తీయగానే పూస బయటి చర్మం గట్టిపడుతుంది, లోపల ఇంకా వేడిగా ఉంటుంది. ఆ లాగులాట గాజులో దాగి ఉండిపోతుంది. సుమారు ఐదువందల యాభై డిగ్రీల దగ్గర కొంతసేపు నిలిపి, తర్వాత రాత్రంతా మెల్లగా చల్లారనివ్వాలి. పాపానాయుడుపేట పనివాళ్ల బూడిద, క్రోబో వాళ్ల మట్టి అచ్చు ఈ పనికి కూడా సాయపడతాయి. తొందరపడ్డ పూస బజారుకు చేరేలోపు రెండు ముక్కలు. సీసా గాజును ఎక్కువసేపు ఎక్కువ వేడిలో ఉంచితే పైన తెల్లటి పొర కడుతుంది, కొద్దిగా వెలిగారం వాడి దాన్ని తగ్గించుకోవచ్చు.

ఇక ఆరోగ్యం. గాజు పొడి పొడిగా లేస్తే ఊపిరితిత్తులకు చేటు. దంచడం మూత ఉన్న పాత్రలో జరగాలి, రుద్దడం నీళ్లతోనే జరగాలి, ముక్కుకు మంచి మాస్కు ఉండాలి. చీర కొంగు చాలదు. పాత టీవీల గాజులో సీసం ఉంటుంది, ట్యూబులైట్లలో పాదరసం ఉంటుంది. అవి ఈ పని దరిదాపులకు రాకూడదు. పిల్లలు ఆడుకునే ఇంట్లో, వంటగది మూలన ఈ పని పెట్టొద్దు. ఊరి సంఘం భవనంలోనో, మహిళా సమాఖ్య గదిలోనో పెట్టాలి.

ఈ చివరి మాట బీడీల వల్ల గట్టిగా చెబుతున్నాను. సిరిసిల్లలో మగవాళ్లు మరమగ్గాల దగ్గర నిలబడితే ఇంట్లో ఆడవాళ్ల ఒళ్లో బీడీల చాట ఉంటుంది. కోరుట్ల, మెట్‌పల్లి, జగిత్యాలలో ఇంటాయన దుబాయిలోనో, మస్కట్‌లోనో ఉంటే ఇక్కడి నెల ఖర్చు బీడీల మీద గడుస్తుంది. పొగాకు దుమ్ము పీల్చి దగ్గే ఆ ఆడవాళ్లకు గాజు పూసలు మంచి బదులని చెప్పడం తేలిక. కానీ బీడీ ఇంతకాలం ఎందుకు నిలిచిందో ముందు అర్థం చేసుకోవాలి. ఆకు, తంబాకు కంపెనీ వాళ్లే తూచి ఇస్తారు. చుట్టింది లెక్కపెట్టి తీసుకుంటారు. అమ్ముడవుతుందా లేదా అన్న బెంగ చుట్టే మనిషికి లేదు. పీఎఫ్ ఉంది, ఆసరా పింఛన్లలో బీడీ కార్మికులకూ చోటు దొరికింది. ఏ హస్తకళా శిక్షణలో ఇవన్నీ ఉన్నాయి? కుట్టుమిషన్లు, అగరుబత్తీలు, జనపనార సంచులు నేర్పి, ఒక ధ్రువపత్రం చేతికిచ్చి, అమ్ముకోమని పంపేస్తే ఆ ఆడవాళ్లు తిరిగి బీడీల చాట ముందుకే వచ్చారు. వాళ్లది తప్పు కాదు. గాజు పూస బీడీతో పోటీపడాలంటే అదే భరోసా ఇవ్వాలి. పొడి, అచ్చు సమాఖ్య ఇవ్వాలి, చేసిన పూసకు లెక్కకట్టి వారం వారం డబ్బు ఇవ్వాలి, అమ్మకం బాధ్యత వేరేవాళ్లు మోయాలి.

మనసుల్లో ఉండే అడ్డు గురించి ఈ విషయం మీద రాసేవాళ్లు సాధారణంగా మాట్లాడరు. మన ఇళ్లలో పగిలిన గాజు అశుభం. అద్దం పగిలితే కీడంటారు, భర్త పోయిన ఆడదాని గాజులు పగలగొట్టే క్రూరత్వాన్ని ఇప్పటికీ చూస్తున్నాం. అది కాక సారా సీసా. నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్లు 1992లో సారాకు వ్యతిరేకంగా మొదలుపెట్టిన పోరాటం ఉమ్మడి రాష్ట్రాన్ని మొత్తం కదిలించింది. 1995లో మద్యనిషేధం వచ్చింది, రెండేళ్లకు పోయింది. ఇవాళ ఊరూరా బెల్టు షాపు ఉంది. మొగుడు తాగి విసిరిన సీసాను నూరి మెడలో వేసుకొమ్మంటే ఒక ఆడమనిషికి ఎలా ఉంటుంది? ఈ ప్రశ్నను దాటవేయకూడదు. కొందరికి అది ససేమిరా గిట్టదు, గిట్టకపోవడం న్యాయమే. ఆ సీసాను నుజ్జు చేసి తన సంపాదనగా మార్చుకోవడంలో ఒక తృప్తి కూడా ఉండొచ్చు. ఎటూ బలవంతం లేకుండా ఉండాలి. మందుల సీసాలు, కిటికీ అద్దాలు, పచ్చడి సీసాలతో మొదలుపెడితే ఈ నొప్పి లేకుండానే పని సాగుతుంది. నల్లపూసలను మాత్రం ఈ పనిలోకి లాగొద్దు. మంగళసూత్రంతో ముడిపడ్డ వస్తువుకు శతాబ్దాల నమ్మకం ఉంది. దాన్ని సీసపెంకుతో చేస్తే కొనేవాళ్లు ఉండరు, నొచ్చుకునేవాళ్లు ఉంటారు.

మరి ఎవరు కొంటారు? ఇక్కడే కరీంనగర్ అక్కరకొస్తుంది. వెండి తీగను వెంట్రుకంత సన్నగా లాగి అల్లే ఫిలిగ్రీ పని, భౌగోళిక గుర్తింపు ఉన్న కళ, మన పక్కనే ఉంది. సీసా పచ్చదనానికి వెండి అల్లిక కడితే ఆ నగ చెత్తతో చేసిందని జాలిపడి కొనే వస్తువు కాదు, ముచ్చటపడి కొనే వస్తువు. వెండి ధర పెరిగి ఫిలిగ్రీ పనివాళ్లు సతమతమవుతున్న కాలంలో, బరువులో ఎక్కువ గాజు, తక్కువ వెండి ఉండే నగ వాళ్లకూ ఊపిరినిస్తుంది. హైదరాబాదు లాడ్ బజారు లక్క గాజులకు 2024లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. ఆ లక్క మీద అద్దే రాళ్లలో చాలావరకు గాజే, అక్కడికీ మన పూస పోవచ్చు. దండలకు దారం సిరిసిల్లలోనే దొరుకుతుంది, మగ్గాల దగ్గర మిగిలే నూలు రంగురంగుల తాళ్లు పేనడానికి చాలు. తండాల్లో లంబాడీ ఆడవాళ్లకు అద్దం, పూస, దారం కలిపి కుట్టే కన్ను ఉంది. నమూనాల కోసం పట్నం నుంచి డిజైనర్‌ను తెచ్చే ముందు వాళ్లను అడగాలి. పూసలు, సూదులు, పిన్నీసులు గంపలో పెట్టుకుని ఊరూరా తిరిగిన పూసలోళ్లకు ఏ ఊరి ఆడవాళ్లు ఏ రంగు ఇష్టపడతారో తెలుసు. అంత బజారు జ్ఞానం ఉన్నవాళ్లను వదిలేసి ఆన్‌లైన్ అమ్మకాల మీద తరగతులు పెట్టడం నాకు అర్థం కాదు.

ఎక్కువ ధర నగలు హైదరాబాదులో గోల్కొండ హస్తకళల దుకాణాల్లో, శిల్పారామంలో అమ్ముడవుతాయి. కానీ జాతర బజారును వదులుకోవద్దు. వేములవాడలో, ధర్మపురిలో యాభై, వంద రూపాయలకు కొనగలిగే ఒంటిపేట దండ ఉండాలి. యంత్రంలో చేసిన పూస కన్నా కొంచెం వంకరగా ఉన్నా, ఇది మన కోరుట్ల పూస అని చెప్పుకునే రోజు వస్తే ఈ పని నిలుస్తుంది.

మొదలుపెట్టడానికి పెద్ద పార్కులు, షెడ్లు అక్కరలేదు. ఒక్కో పట్టణంలో ఒక కొలిమి, ఇద్దరు కుమ్మరులు, పదిమంది బీడీ కార్మికులు, కరీంనగర్ నుంచి ఒక ఫిలిగ్రీ మేస్త్రీ చాలు. కొలిమి వేడిని కొలిచి అదుపులో పెట్టే పరికరాన్ని చౌకగా తయారుచేయడానికి హైదరాబాదులో 2023లో తెరిచిన టీ-వర్క్స్ లాంటి నమూనాల తయారీ కేంద్రం సాయం చేయగలదు. పాపానాయుడుపేట పెద్ద మేస్త్రీలను పిలిపించి నెల రోజులు ఇక్కడ కూర్చోబెట్టాలి. వాళ్ల పద్ధతి ఇక్కడ నడవకపోయినా గాజు ఎప్పుడు మెత్తబడింది, ఎప్పుడు బిగుస్తుంది అని చెప్పే కన్ను వాళ్లకుంది. ఇంకొకటి, మొదటి ఏడాది పూసలు చాలా పగులుతాయి. వేడి తప్పుతుంది, పొడి కలుస్తుంది, రాత్రి కరెంటు పోతుంది. ఆ పగిలిన పూసలకూ కూలి కట్టివ్వాలి. ఆ డబ్బు మొదటి రోజే బడ్జెటులో రాయకపోతే, రెండో నెలలో ఆ పదిమందీ బీడీల లెక్క అప్పజెప్పే వరుసలో నిలబడి ఉంటారు. పగిలిన పూసలను మళ్లీ దంచి, మళ్లీ అచ్చులో పోయవచ్చు.